హెల్గా కొండ మీద ఎనభై ఆరో మీటరు

హైమ కళ్లు మంచివి. ఈ మాట మొదట చీరాలలో ఆమె తండ్రి అన్నాడు. తర్వాత అమెరికాలో పక్కింటాయన ఆర్వో సాలో అన్నాడు. మొన్నటికి మొన్న, ఇప్పుడుంటున్న ట్రాయ్ ఊళ్లో కంటి డాక్టరు కూడా, అరవై తొమ్మిదేళ్ల మనిషికి ఈ చూపేమిటండీ అని ఆశ్చర్యపోయాడు. అలాంటి కళ్లు పెట్టుకుని ఆవిడ ఒక్కసారి, జన్మలో ఒకే ఒక్కసారి, చూసింది ఒకటైతే చెప్పింది ఇంకొకటి. అందరం రోజుకి నాలుగు అబద్ధాలు ఆడి హాయిగా నిద్రపోతున్నాం కదా, ఒక్కదానికి ఇంత రాద్ధాంతమా అని మీరంటారు. నేనూ అదే అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు.

రెండువేల ఇరవై మూడు ఆగస్టులో హైమకి పైన్ ఫోర్క్ నుంచి ఈమెయిల్ వచ్చింది. పైన్ ఫోర్క్ అంటే మిషిగన్ రాష్ట్రంలో ఉత్తరాన, పెద్ద వంతెన దాటి ఇంకా నాలుగైదు గంటలు అడవుల్లో పోతే వచ్చే ఇనప గనుల ఊరు. హైమ కాపురం మొదట్లో తొమ్మిదేళ్లు అక్కడే గడిచింది. ఈమెయిల్ రాసింది బార్బరా అనే రిటైరైన టీచరు. ఊరి చివర హెల్గా కొండ మీదున్న స్కీ జంప్ టవరు తుప్పు పట్టిపోయింది, ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు, అందుకని సెప్టెంబరులో కౌంటీ వాళ్లు దాన్ని విప్పేస్తున్నారు. ముందుగా ఊరంతా ఒక శనివారం అక్కడ కలుస్తోంది. కొండ చరిత్ర రాసిన లోహపు బోర్డు ఒకటి బండకి బిగిస్తారు. 'దూకుళ్ల దూరం కొలిచినవాళ్లలో ఇప్పుడు మీరొక్కరే మిగిలారు. బోర్డు మీద గుడ్డ మీ చేతుల మీదుగా తీయాలని మా కోరిక' అని రాసింది బార్బరా. కింద బోర్డు ఫొటో పెట్టింది. అందులో ఆఖరి వరుస ఇది: కొండ రికార్డు, ఎనభై నాలుగు మీటర్లు, హాల్వర్సన్, 1985.

హైమ ఆ వరుస చదివి లేచి ముందు గదిలోకి వెళ్లింది. భర్త సూర్యప్రకాశ్ కుర్చీలో కూర్చుని, ఆపరేషన్ అయిన మోకాలికి ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన వ్యాయామం చేస్తున్నాడు. చేస్తున్నాడంటే, కాలు ఒకసారి ఎత్తి రెండుసార్లు లెక్కపెడుతున్నాడు.

"హెల్గాని పడగొట్టేస్తున్నారట. నన్ను రమ్మన్నారు."

"మంచిదేగా. ఫొటోలు తీసుకురా."

"బోర్డు మీద అబద్ధం రాశారండీ. అది నా అబద్ధం. వెళ్లి చెప్పేసి వస్తాను."

సూర్యప్రకాశ్ కాలు దించాడు. "చేతులు కాలిన ముప్పై ఏడేళ్లకి ఆకులు పట్టుకుంటావా? ఎవరికి కావాలే ఇప్పుడు?"

"కైసాకి కావాలేమో."

"కావాలంటే ఆ పిల్ల అప్పుడే అడిగేది."

"అడిగారు కదండీ. అందరి ముందూ నన్నే అడిగారు. నేనే కదా ఎనభై మూడన్నాను."

ఆయన మళ్లీ కాలెత్తాడు. ఈసారి లెక్కపెట్టడం మర్చిపోయాడు.

కొండ సంగతి చెబితే గాని ఈ గొడవేమిటో మీకు అర్థం కాదు. పంతొమ్మిది వందల ఇరవైల్లో పైన్ ఫోర్క్ గనుల్లో పనిచేసేవాళ్లు ఎక్కువమంది నార్వే, ఫిన్లాండుల నుంచి వచ్చినవాళ్లు. ఆరు నెలలు మంచులో కూరుకుపోయే ఊళ్లో ఆదివారం ఏం చెయ్యాలి? తాగాలి, లేదా దూకాలి. వాళ్లు రెండూ చేశారు. కొండ నెత్తిన కర్రలతో ఎత్తయిన మంచె కట్టారు. కాళ్లకి పొడుగాటి స్కీ బద్దలు కట్టుకుని దాని మీంచి జర్రున జారి, అంచు నుంచి గాల్లోకి లేచి, పక్షిలా చేతులు చాపి, కిందున్న వాలు మీద దిగాలి. ఎంత దూరం ఎగిరితే అంత గొప్ప. పడకుండా దిగితే ఇంకా గొప్ప. వాళ్లందరికీ సత్రంలో వండిపెట్టే హెల్గా అనే ఆవిడ భోజనానికి పిలుపు పిలిస్తే కొండ మీదికి వినిపించేదట. అందుకని కొండకి ఆవిడ పేరు పెట్టారు. కొండకేమో ఆడమనిషి పేరు, దూకే హక్కు మాత్రం మగవాళ్లకే. ఏ దేశమేగినా ఈ వరస ఒకటే.

కర్ర మంచెని ముప్పై నాలుగులో గాలివాన పడగొట్టింది. మూసేసిన ఒక గని ఇనుముతో మూడేళ్లకి కొత్త టవరు లేపారు. మూడువేలమంది ఊళ్లో పోటీల రోజున పదివేలమంది ఉండేవాళ్లు. ప్రత్యేకంగా రైళ్లు వేసేవాళ్లు, బళ్లకి సెలవిచ్చేవాళ్లు. యుద్ధం వచ్చి దూకే కుర్రాళ్లని పట్టుకుపోయింది. తిరిగొచ్చినవాళ్లు మళ్లీ దూకారు. అలా యాభై ఏళ్లు వెలిగింది హెల్గా. ఎనభైల్లో ఇనుముకి గిరాకీ పడిపోయింది, కుర్రాళ్లు ఊరొదిలారు, ఇన్సూరెన్సు వాళ్లు మొహం చాటేశారు. మంచు కూడా వెనకటిలా పడటం మానేసింది. తొంభై ఒకటిలో ఆఖరి పోటీ జరిగింది. ఆ తర్వాత వాలంతా చెట్లు మొలిచాయి.

హైమ అక్కడికి వెళ్లింది ఎనభై ఒకటిలో. సూర్యప్రకాశ్ హౌటన్‌లో ఎం.ఎస్. ముగించి పైన్ ఫోర్క్ ఖనిజం ప్లాంటులో ఉద్యోగంలో చేరాడు. కూతురు వేదకి మూడేళ్లు. హైమ చదివింది బి.ఎస్‌సి. లెక్కలు. ఊళ్లో ఇంకో తెలుగు మొహం లేదు, ఆ మాటకొస్తే ఇంకో ఇండియా మొహం లేదు. నవంబరులో మొదలైన మంచు చూసి చూసి, జనవరికి ఆవిడ గోడలతో మాట్లాడే స్థితికి వచ్చింది. అప్పుడు పక్కింటి ఆర్వో సాలో తలుపు కొట్టాడు. ఆయన గనిలో రాయి తొలిచే డ్రిల్లరు. కొండ మీద దూరం కొలిచే జట్టుకి పెద్ద. "ఒక మనిషి తక్కువయ్యాడు. ఊరికే నిలబడి చూడాలి, అంతే. వస్తావా?" అన్నాడు. ఇంగ్లీషులోనే అన్నాడనుకోండి, మన సౌకర్యం కోసం తెలుగులో చెప్పుకుందాం.

చీర మీద రెండు స్వెట్టర్లు, ఆర్వో భార్య ఇచ్చిన బూట్లు, తలకి సూర్యప్రకాశ్ మఫ్లరు. అలా వెళ్లి నిలబడింది హైమ. వాలు పక్కన మీటరుకొక ఇనప మేకు దిగేసి, నంబరు చెక్కి ఉండేది. కొలిచేవాళ్లు ఆ మేకుల పక్కన బారుగా నిలబడేవాళ్లు. ఒక్కొక్కరికి నాలుగైదు మీటర్లు వంతు. దూకినవాడి రెండు పాదాలు మంచుకి తగిలిన చోట, వాటి మధ్యన ఏ మేకు ఉందో చూసి, చెయ్యెత్తి అంకె అరవాలి. వీడియోలూ కంప్యూటర్లూ లేవు. కన్నూ నోరూ తప్ప సాక్ష్యం లేదు.

"మనిషిని చూడకు, మంచుని చూడు" అని నేర్పాడు ఆర్వో. గాల్లో ఎగిరేవాణ్ణి చూస్తూ ఉండిపోతే పాదం తగిలిన క్షణం తప్పిపోతుంది. అందరూ చేసే తప్పు అదే. హైమ చెయ్యలేదు. చీరాలలో వాళ్ల నాన్న మగ్గం పక్కన ఆరేళ్ల పిల్లగా కూర్చుని, పడుగులో ఎక్కడ పోగు తెగితే అక్కడ వేలు పెట్టి చూపించిన మనిషి ఆవిడ. మొదటి ఆదివారమే పక్కనున్నవాడు డెబ్భై మూడు అంటే ఈవిడ డెబ్భై ఒకటిన్నర అంది. ఆర్వో వచ్చి మంచు మీద గుర్తులు చూశాడు. డెబ్భై ఒకటిన్నరే. రెండో ఏడాదికల్లా "హైమ చెప్పిందా? అయితే రాసుకో" అనడం ఊరికి అలవాటైపోయింది. అక్కడ ఆవిడ మాటకి అంత విలువ. మన దగ్గర కోడలి మాటకి ఉప్పు తక్కువైందన్నప్పుడు కూడా అంత విలువ ఉండదు.

ఆర్వో కూతురు కైసా. వీళ్లు వెళ్లేటప్పటికి ఆ పిల్లకి పదకొండేళ్లు. బడి నుంచి రాగానే బ్యాగు వాళ్లింట్లో పడేసి హైమ వంటింట్లో ప్రత్యక్షమయ్యేది. జంతికలు తినేది, వేదని మంచులో దొర్లించేది, దూకుడు గురించి నోరు నొప్పెట్టేదాకా మాట్లాడేది. ఆడపిల్లలకి పోటీలు లేవు. కానీ పోటీకి ముందు బాట బాగుందో లేదో చూడటానికి ముగ్గురు నలుగురిని దూకిస్తారు. అందులో ఒకతెగా కైసాని రానిచ్చేవాళ్లు. బాట పరీక్ష చెయ్యడానికి పనికొచ్చిన పిల్ల, పోటీకి పనికిరాదు. సరే, ఆ న్యాయం వాళ్లది.

ఎనభై ఆరు ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం. మంచు పలచగా రాలుతోంది. జనం ఇంకా కార్లు పెట్టుకుంటున్నారు. ప్లాంటులో సగంమందిని తీసేశాక ఊళ్లో మనుషులు తగ్గారు, కొలిచేవాళ్లూ తగ్గారు. డెబ్భై ఎనిమిదో మేకు నుంచి చివరిదాకా హైమ ఒక్కతే. పదహారేళ్ల కైసా మూడోదిగా దూకింది. కింది నుంచి ఎదురుగాలి లేచింది. ఆ గాలి ఆ పిల్లని అంచు దగ్గర అందుకుని దించలేదు. డెబ్భై దాటింది. ఎనభై దాటింది. హైమ మంచునే చూస్తోంది. ఎనభై నాలుగో మేకు మీంచి నీడ జారిపోయింది. ఎనభై ఆరో మేకుకి సరిగ్గా ఎదురుగా రెండు పాదాలూ తగిలాయి. పిల్ల తూలింది, నిలబడింది, జారుకుంటూ కిందికి పోయింది.

ఆ కొండ పుట్టాక అంత దూరం ఎవరూ ఎగరలేదు. హైమ చెయ్యెత్తి ఒంట్లో ఉన్న గొంతంతా పెట్టి అరిచింది, "ఎనభై ఆరు!"

తెలుగులో అరిచింది. నాలుగేళ్లుగా ప్రతి అంకె ఇంగ్లీషులో అరిచిన మనిషికి, ఆ ఒక్క అంకె మాత్రం సంతోషం పట్టలేక చీరాల గొంతుతో వచ్చింది. పై మేకుల దగ్గర నిలబడ్డవాడు "ఏమిటీ?" అన్నాడు. ఈవిడ నవ్వుతూ చెప్పబోయేలోగా బాట చదును చేసేవాళ్లు వచ్చి పాదాల గుర్తులు తుడిచేశారు.

అరగంట తర్వాత చలికాచుకునే షెడ్డులో ఆర్వో గొడవ మొదలుపెట్టాడు. పోటీలు నడిపే క్లబ్బు దగ్గర ఒక పాత పుస్తకం ఉంది. పోటీలో దూకినా సరదాకి దూకినా, పడకుండా దిగిన అన్నింటిలోకీ పెద్ద దూకుడు అందులో రాసి తీరాలి. అది కొండ మొదలైనప్పటి ఆచారం. "మా అమ్మాయి ఎనభై నాలుగు దాటింది, రాయండి" అన్నాడు ఆర్వో. క్లబ్బు అధ్యక్షుడు హాల్వర్సన్. ఆయనే ప్లాంటు మేనేజరు. ఆ ఎనభై నాలుగు కిందటేడు ఆయన కొడుకు దూకినది. ఆయన ఏమీ విసుక్కోలేదు. పుస్తకం తెరిచి, కళ్లజోడు పెట్టుకుని, "ఆ చివర ఎవరు నిలబడ్డారు?" అన్నాడు.

"హైమ."

"అయితే ఇంకేం. ఆవిడ ఎంతంటే అంత రాద్దాం. చెప్పండి మిసెస్ ప్రకాశ్, ఎంత చూశారు?"

షెడ్డులో ఇరవైమంది ఉన్నారు. కైసా గుమ్మం దగ్గర హెల్మెట్ చంకలో పెట్టుకుని నవ్వుతోంది. పొయ్యి పక్కన సూర్యప్రకాశ్ కాగితపు కప్పుతో నిలబడ్డాడు. వాళ్ల గ్రీన్ కార్డు కాగితాలు హాల్వర్సన్ బల్ల మీద సంతకం కోసం ఉన్నాయి. ముందు రోజు రాత్రి అన్నం దగ్గర సూర్యప్రకాశ్ అన్న మాట హైమ చెవుల్లో ఉంది. "ఈ నెలలో ఆయన సైన్ చెయ్యకపోతే మన పని అయిపోయినట్టే. లే ఆఫ్ లిస్టు మళ్లీ వస్తోందట. ఆయన మూడ్ బావుండాలి దేవుడా."

హైమ భర్త వంక చూసింది. ఆయన కప్పులోకి చూసుకున్నాడు.

పరాయి దేశంలో ఉన్నవాళ్ల గుండెల్లో ఒక మాట ఎప్పుడూ కాచుకుని ఉంటుంది. మనకెందుకొచ్చిన గొడవ. దాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. అద్దింటివాడి దగ్గర, ఆఫీసులో, పోలీసు కారు పక్కన ఆగినప్పుడు, అదే ముందు నోటికొస్తుంది. బతికుంటే బలుసాకు తినొచ్చు అనుకుంటూ వచ్చినవాళ్లం, పక్కవాడి ఆకులో ఏం పోయిందో చూడం.

"ఎనభై మూడు" అంది హైమ.

హాల్వర్సన్ కళ్లజోడు తీసి, "దగ్గరిదాకా వచ్చావమ్మా" అని కైసాని మెచ్చుకుని పుస్తకం మూశాడు. ఆర్వో ఒక్క మాట కూడా వాదించలేదు. "హైమ ఎనభై మూడంటే ఎనభై మూడే" అని, కూతురి భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకుపోయాడు. అదే హైమని చంపేసింది. ఆయన ఒక్క కేక వేసి ఉంటే, 'అబద్ధం' అని ఉంటే, అక్కడికక్కడ నిజం కక్కేసేదాన్నని నాతో ఎన్నిసార్లో చెప్పింది.

ఆ రాత్రి సూర్యప్రకాశ్ అడిగాడు. "నిజంగా ఎంత చూశావ్?"

"ఎనభై ఆరు."

ఆయన "పోనీలే. చిన్నపిల్ల. ఇంకా ఎన్నిసార్లు దూకుతుందో. వచ్చే ఏడు మళ్లీ కొడుతుంది" అన్నాడు. హైమ కూడా అలాగే అనుకుని పడుకుంది.

ఏప్రిల్‌లో కాగితాలు వచ్చాయి. హాల్వర్సన్ సంతకం కింద తేదీ జనవరి ఇరవై ఎనిమిది. అంటే షెడ్డులో ఆ మాట అనడానికి పన్నెండు రోజుల ముందే ఆయన సంతకం చేసేశాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ బెదిరించలేదు. అడగని లంచం తీసుకెళ్లి పక్కింటి పిల్ల చేతిలోది లాక్కుని మరీ ఇచ్చింది హైమ. ఆ తేదీ చూసిన రోజున ఆవిడ వంటింట్లో కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, పక్కింటికి వెళ్లి చెప్పిందా అంటే చెప్పలేదు. చెబితే ఎలా, సూర్యప్రకాశ్ ఉద్యోగం ఇంకా హాల్వర్సన్ దగ్గరే కదా. ఒక అబద్ధానికి మేత వెయ్యడం మొదలుపెడితే అది రోజూ అడుగుతుంది.

కైసా మళ్లీ దూకలేదు. వంటింట్లోకీ రాలేదు. "ఆ వయసు అంతే, ఇంట్రెస్ట్ పోయింది" అన్నాడు ఆర్వో కంచె మీంచి. పిల్లకి కోపం వచ్చిందనుకుంది హైమ. కోపమైతే రావలసిందే అని సరిపెట్టుకుంది. తొంభైలో సూర్యప్రకాశ్ ఉద్యోగం ట్రాయ్‌కి మారింది. సామాను లారీ ఎక్కించేరోజు కైసా ఊళ్లో లేదు.

ఇప్పుడు సెప్టెంబరు శనివారానికి వద్దాం. ముందురోజు మనవరాలు రియా కారు తీసింది. పందొమ్మిదేళ్ల పిల్ల, కాలేజీలో చదువుతోంది, వంతెన దాకా కార్లో పాటలు పెట్టింది. వంతెన దాటాక హైమ పాటలు ఆపించి మొత్తం చెప్పింది.

"సో అమ్మమ్మా, నువ్వు లై చేశావా? నువ్వా?"

"నేనే."

"ఆ బాస్ నిన్ను ఫోర్స్ చేశాడా?"

"లేదే. ఒక్క మాట కూడా అనలేదు."

"దట్స్ వర్స్, కదా?"

"అవునమ్మా. దానికే వెళ్తున్నాం."

మర్నాడు కొండ కింద కంకర నేల మీద అరవై మడత కుర్చీలు వేశారు. కాఫీ, ఏలకుల బన్నులు పెట్టారు. పైన టవరు ఎర్రగా తుప్పుబట్టి నిలబడి ఉంది, వాలంతా బర్చ్ చెట్లు పసుపు తిరుగుతున్నాయి. బార్బరా వచ్చి హైమని కౌగలించుకుంది. హాల్వర్సన్ ఎప్పుడో పోయాడట, కొడుకు అరిజోనాలో ఉన్నాడట. ఆర్వో? రెండువేల తొమ్మిదిలో. అది హైమ వినే ఉంది. "కైసా ఉందిగా, అదిగో. రోడ్ల మీద మంచు తోసే కౌంటీ బండి నడుపుతుంది" అని బార్బరా వెనక్కి చూపించింది. యాభై మూడేళ్ల మనిషి, పొట్టి జుట్టు నెరిసింది, చేతులు కట్టుకుని కారుకి ఆనుకుని నిలబడి ఉంది. హైమ వంక చూసి తల ఊపింది. నవ్వలేదు.

హైమని మైకు దగ్గరికి పిలిచారు. కాగితం మీద నాలుగు మంచి మాటలు రాసుకొచ్చింది, అవి చదవలేదు. బోర్డు మీద గుడ్డ అంచు పట్టుకుని, తియ్యకుండా వదిలేసింది.

"ఈ గుడ్డ నేను తియ్యను" అంది. "దీని మీద రాసింది తప్పు. ఎనభై ఆరు ఫిబ్రవరిలో కైసా సాలో ఈ కొండ మీద ఎనభై ఆరు మీటర్లు దూకింది. నేను చూశాను. రెండు పాదాలూ చూశాను. అడిగితే ఎనభై మూడని చెప్పాను. మంచు అడ్డం రాలేదు, కన్ను తప్పలేదు. మా ఆయన ఉద్యోగం పోతుందని, మా కాగితాలు ఆగిపోతాయని భయపడి అబద్ధం చెప్పాను. హాల్వర్సన్ గారికి ఇందులో ఏ పాపమూ లేదు. ఆయన నన్ను నిజమే అడిగారు."

ఎవరి కుర్చీయో కంకర మీద కిర్రుమంది. బార్బరా బోర్డు పోతపోసేశామని ఏదో గొణిగి, అందరూ కాఫీ తీసుకోండి అంది. అటువంటప్పుడు ఎక్కడైనా అదే అంటారు.

కైసా జనం మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చి హైమ ఎదురుగా నిలబడింది.

"ఎనభై ఆరా?"

"ఎనభై ఆరు."

"నాకు కోపం వచ్చిందనుకున్నావు కదూ?"

హైమ తలూపింది.

"కోపం కాదు, సిగ్గు. ఎనభై నాలుగో మేకు నా కింది నుంచి వెళ్లడం నేను చూశాను. చూశాననే అనుకున్నాను. నువ్వు ఎనభై మూడన్నావు. ఈ ఊళ్లో నీ లెక్క ఎప్పుడూ తప్పలేదు. అయితే నేనే లేనిది ఊహించుకున్నాను, అందరి ముందూ మా నాన్నని నవ్వులపాలు చేశాను అనుకున్నాను. వసంతంలో స్కీలు అమ్మేశాను." ఆమె మాట నెమ్మదిగా, రోడ్డు పరిస్థితి చెప్పినట్టు వచ్చింది. "ఆ తర్వాత ఏ విషయంలోనైనా, నా కళ్లతో నేను చూసినా, పక్కనున్నవాళ్లని అడిగేదాన్ని. నువ్వూ చూశావా అని. ముప్పై ఏడేళ్లు. ఇద్దరు మొగుళ్లు విసిగిపోయారు."

రికార్డు పోయింది, పేరు పోయింది అని మాత్రమే ఇన్నేళ్లూ కుమిలిపోయింది హైమ. ఇది ఆవిడ లెక్కలో లేదు. క్షమించమని అడగడానికి తెచ్చుకున్న మాటలన్నీ ఆ క్షణంలో పనికిరాకుండా పోయాయి.

"నువ్వు ఊహించుకోలేదు" అంది ఎలాగో. "తప్పు చెప్పింది నేను."

"ఎక్కడ? చూపించు."

అరవై తొమ్మిదేళ్ల మనిషిని ఆ వాలు ఎక్కొద్దని బార్బరా బతిమాలింది. రియా ఒక చెయ్యి పట్టుకుంది. కైసా ముందు నడుస్తూ బూటు కాలితో పొదలు తొక్కింది. తొంభయ్యో మేకు దొరికింది, తుప్పు పట్టినా అంకె ఇంకా కనబడుతోంది. అక్కడి నుంచి పైకి ఒక్కొక్క మీటరూ వెతుక్కుంటూ, రెండు చోట్ల మేకు లేకపోతే అడుగులతో కొలుచుకుంటూ వెళ్లారు. మూడు చెట్ల మధ్య ఫెర్న్ ఆకులు పక్కకి తీసి, హైమ చెయ్యి పెట్టి చూపించింది. "ఇక్కడ. కుడి పాదం అక్కడ, ఎడమది ఇక్కడ."

కైసా ఆ చోట రెండు పాదాలూ పెట్టి నిలబడింది. వెనక్కి తిరిగి టవరు వంక చూసింది. ఆకుల మధ్యలోంచి అది చాలా పైన, చాలా దూరంగా కనబడింది.

"ఇంత దూరం వచ్చానా నేను!" అంది. నవ్వింది కూడా. పదహారేళ్ల నవ్వే అది, హైమ వెంటనే గుర్తుపట్టింది. అంతలోనే అది ఆగిపోయింది.

"నాన్న ఆఖరి రోజుల్లో హాస్పిటల్లో పక్కన కూర్చునేదాన్ని. ఒకరోజు అడిగాను. నాన్నా, ఆ రోజు నిజంగా నేను ఎంత దూకానంటావు అని. కళ్లు కూడా తెరవలేదు. ఎనభై మూడమ్మా, హైమ చెప్పింది కదా అన్నాడు."

హైమ రియా చెయ్యి విడిపించుకుని ఆ ఆకుల్లో కూలబడి, పైకి వినిపించేలా ఏడ్చింది. కైసా వచ్చి పక్కనే కూర్చుంది. కూర్చుంది కానీ, చాలాసేపటిదాకా ఆవిడ మీద చెయ్యి వెయ్యలేదు.